ఇరుకున పడ్డ ద్రవాలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం చుట్టూ తిరిగాయి: మెత్తటి పదార్థాలు, సన్నటి సందుల్లో చిక్కుకున్న ద్రవాలు. పెరుగు గిన్నె దగ్గర మొదలుపెట్టి సిలికోన్ రబ్బరు చిప్పుల దాకా అడిగారు. ఒకే రకం ప్రశ్నల్ని కలిపి ఒకటిగా తీసుకున్నాం.

రెండు కాకిబంగారం (అభ్రకం) రేకుల మధ్య ద్రవం పెట్టి అణువుల బలాన్ని కొలిచిన కెమికల్ ఇంజినీరింగ్ ప్రొఫెసర్ ఒకాయన ఉన్నారని చదివాను. మా వైపు గనుల దగ్గర కుప్పలుగా చూసిన సరుకు అది. గాజు ఉండగా అభ్రకమే ఎందుకు? అసలు కొలిచేదెలా?
(విశ్రాంత సైన్సు ఉపాధ్యాయుడు, గూడూరు)

మీరు చదివింది జేకబ్ ఇజ్రేలష్విలి గురించి. కేంబ్రిడ్జిలో డేవిడ్ టేబర్ దగ్గర పరిశోధన చేశారు. తర్వాత ఆస్ట్రేలియాలోని కాన్‌బెరాలో పనిచేశారు. 1986 నుంచి 2018లో కన్నుమూసేదాకా అమెరికాలోని సాంటా బార్బరాలో కెమికల్ ఇంజినీరింగ్ ఆచార్యులుగా ఉన్నారు. పరికరం పేరు సర్ఫేస్ ఫోర్సెస్ ఆపరేటస్. గాలిలో అభ్రకం రేకుల మధ్య ఆకర్షణను 1969లోనే టేబర్, వింటర్టన్ కొలిచారు. దాన్ని ద్రవంలో కూడా పనిచేసేలా మలచడమే ఇజ్రేలష్విలి చేసిన పెద్ద పని.

గాజు ఎందుకు పనికిరాదంటే, మన కంటికి ఎంత నున్నగా కనిపించినా అణువుల కొలతలో దాని మీద ఎత్తుపల్లాలుంటాయి. అభ్రకం ఒకదాని మీద ఒకటి పేర్చిన పొరల కట్ట. ఒక్కో పొర మందం సుమారు 1 నానోమీటరు. పొరకూ పొరకూ మధ్య పొటాషియం అయాన్లు ఉంటాయి, చీలేది అక్కడే. జాగ్రత్తగా చీలిస్తే చదరపు సెంటీమీటరు మేర ఒక్క మెట్టు కూడా లేని తలం దొరుకుతుంది. పాత ఇస్త్రీపెట్టె విప్పితే హీటింగ్ కాయిల్ కింద అభ్రకం రేకు ఉంటుంది. దాని అంచులోకి గుండుసూది దూర్చి నెమ్మదిగా తెరిచి చూడండి. బాగా పల్చబడ్డ చోట నూనె తెట్టు మీద లాంటి రంగులు కనిపిస్తాయి. రంగు ఉన్నట్టుండి మారిన గీత దగ్గర మెట్టు ఉన్నట్టు. ప్రయోగశాలలో కూడా మెట్టు లేని ముక్కను ఏరేది ఈ రంగుల్ని చూసే.

ఇక కొలిచే పద్ధతి. 1 నుంచి 5 మైక్రోమీటర్ల మందం ఉన్న రేకులు రెండు కావాలి. రెండూ ఒకే పెద్ద రేకులోంచి కోసినవై ఉండాలి. మందం సమానమైతే తర్వాత లెక్క సులువు. ఒక్కో రేకు వెనకవైపు 50-55 నానోమీటర్ల వెండి పూత పూస్తారు. వెండి వైపు కిందికి ఉండేలా, 1 లేదా 2 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న స్తూపాకారపు సిలికా బిళ్ల మీద అంటిస్తారు. నీటితో ప్రయోగమైతే జిగురుకు ఎపాక్సీ వాడతారు. కర్బన ద్రవాలు ఎపాక్సీని కరిగిస్తాయి కనుక వాటికి కరిగించిన గ్లూకోజు వాడతారు. ఈ రెండూ తారుమారైతే రేకు ఊడి వస్తుంది, లేదా జిగురు ద్రవంలో కలిసి ప్రయోగం మొత్తం పాడవుతుంది.

బిళ్లలు రెండింటినీ ఒకదానికొకటి అడ్డంగా, కూడిక గుర్తులా ఎదురెదురుగా పెడతారు. చదునైన పలకలైతే సమాంతరంగా నిలపడమే గగనం. అడ్డంగా పెట్టిన స్తూపాలు ఎలా కదిలినా ఒక్క బిందువు దగ్గరే కలుస్తాయి. గుండ్రటి గోళీని చదును బల్ల మీద పెట్టినట్టే లెక్క. అడుగునుంచి తెల్లటి కాంతి పంపితే రెండు వెండి పూతల మధ్య అది ఎన్నోసార్లు అటూ ఇటూ తిరిగి, స్పెక్ట్రోమీటరులో రంగు గీతలుగా పడుతుంది. ఆ గీతలు ఎంత జరిగాయో చూస్తే సందు వెడల్పు 0.1 నానోమీటరు దాకా తెలుస్తుంది.

బలం కొలవడానికి స్ప్రింగు ఉంది. కింది బిళ్ల ఒక సన్నటి స్ప్రింగు మీద నిలిచి ఉంటుంది. స్ప్రింగు మొదలును 10 నానోమీటర్లు పైకి జరిపారు, సందు మాత్రం 8 నానోమీటర్లే తగ్గింది అనుకోండి. మిగిలిన 2 నానోమీటర్లు స్ప్రింగు వంగింది. స్ప్రింగు బిరుసు మీటరుకు 100 న్యూటన్లయితే, నెట్టిన బలం 200 నానోన్యూటన్లు. ఇంతే. ఈ పరికరంలో తెలివంతా సందును బలంతో సంబంధం లేకుండా కాంతితో విడిగా కొలవడంలో ఉంది.

పాడయ్యేది ఎక్కడ? అన్నిటికంటే ముందు దుమ్ము దగ్గర. 1 మైక్రోమీటరు దుమ్ము రేణువు ఒక్కటి పడితే రేకులు ఆ పైకి దగ్గరకు రావు. అందుకే ద్రవం పోయకముందే పొడి నత్రజనిలో రెండు రేకుల్నీ తాకించి చూస్తారు. శుభ్రంగా ఉంటే అతుక్కుపోతాయి, రంగు గీతల కొన చదునవుతుంది. చదును కాకపోతే ఆ రోజు పని కట్టిపెట్టడమే మేలు. రెండోది గదిలో వేడి మారడం. నిమిషానికి 1 నానోమీటరు జారుడు ఉన్నా కొలతలు పనికిరావు, కనుక గంటల తరబడి కుదుటపడనివ్వాలి. మూడోది స్ప్రింగు స్వభావమే. ఆకర్షణ పెరిగే వేగం స్ప్రింగు బిరుసును దాటితే రేకు ఒక్కసారిగా లోపలికి దూకుతుంది. ఆ దూకిన మేర కొలత దొరకదు. ప్రచురించిన రేఖల్లో మధ్యలో ఖాళీలు కనబడేది ఇందుకే. చుక్కల గీతతో కలిపిన చోట కొలత లేదని అర్థం చేసుకోండి.

అభ్రకం రేకుల ప్రయోగంలో బలం ఊగిసలాడుతుందని మా పాఠంలో ఒక్క వాక్యం ఉంది. నునుపైన గోడల మధ్య నెట్టడం, లాగడం ఒకదాని తర్వాత ఒకటి ఎందుకు వస్తాయి? ద్రవం గడ్డకట్టిపోతుందా?
(బి.టెక్. మూడో సంవత్సరం విద్యార్థిని, కాకినాడ)

ఒక డబ్బాలో గోళీలు పోసి చూడండి. డబ్బా గోడ పక్కన గోళీలు వరసగా సర్దుకుంటాయి, మధ్యకు వెళ్లేకొద్దీ చెదిరిపోతాయి. ఇప్పుడు రెండు గోడల మధ్య సరిగ్గా నాలుగు వరసలు పట్టే చోటుందనుకోండి, హాయిగా సర్దుకుంటాయి. నాలుగున్నర వరసల చోటిస్తే ఎటూ సర్దుకోలేవు. ఆ అసౌకర్యమే గోడల మీద బలంగా కనబడుతుంది. గోడల్ని దగ్గరికి తెస్తుంటే, ఒక్కో వరస బయటికి జారినప్పుడల్లా బలం ఒకసారి నెట్టి ఒకసారి లాగుతుంది.

1981లో హార్న్, ఇజ్రేలష్విలి దీన్ని ఆక్టామిథైల్ సైక్లో టెట్రా సైలోక్సేన్ అనే ద్రవంలో కొలిచారు. పేరు నోరు తిరగనిదే గానీ అణువు మాత్రం దాదాపు గుండ్రటి ఉండ, వెడల్పు 0.9 నానోమీటరు ప్రాంతం. ఊగిసలాటలో ఒక ఊపుకూ మరో ఊపుకూ మధ్య దూరం కూడా దాదాపు అంతే ఉంది. సందు పది అణువుల వెడల్పుకు తగ్గేసరికి ఊగిసలాట కనబడుతుంది, లోపలికి వెళ్లేకొద్దీ బలపడుతుంది. అణువు గుండ్రంగా లేకపోతే, కొమ్మలున్న హైడ్రోకార్బన్ లాంటిదైతే, వరసలు కుదరక ఊగిసలాట బాగా మందగిస్తుంది. ఇదే ప్రయోగం మీరూ చేయబోతే ఒక మాట: ఈ ద్రవం సుమారు 17.5 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ఏసీ 16లో పెట్టిన గదిలో సీసా తెరిస్తే లోపల ముద్ద కనబడుతుంది. అది ఇరుకు చేసిన మహిమ కాదు.

నిజంగా ఇరుకు వల్ల గడ్డకడుతుందా అన్న దాని మీద ఏళ్ల తరబడి వాదన నడిచింది. 1995లో క్లైన్, కుమచేవా ఇదే ద్రవంతో కొలిచి, ఏడు పొరల దగ్గర పారే ద్రవం ఆరు పొరలకు రాగానే ఘనంలా మొరాయిస్తుందని చెప్పారు. మార్పు అంత హఠాత్తుగా రాదు, చిక్కదనం క్రమంగా పెరుగుతుందని మరికొందరు. ఆ గొడవలోకి మరో సంగతి వచ్చి చేరింది. అభ్రకాన్ని కోసేది ఎర్రగా కాల్చిన ప్లాటినం తీగతో. కోసేటప్పుడు నానోమీటర్ల సైజు ప్లాటినం రేణువులు రేకు మీద పడుతున్నాయని, కొన్ని ఫలితాలకు కారణం అవేనేమోనని అనుమానం పుట్టింది. ద్రవాన్ని నిందించే ముందు గోడను అనుమానించాలని ఈ రంగంలో వాళ్లు అనడం ఊరికే కాదు.

నీటి కథ వేరు. 2001లో క్లైన్ బృందం 3.5 నానోమీటర్ల కంటే పల్చటి నీటి పొర చిక్కదనం కొలిస్తే, అది మామూలు నీటి చిక్కదనానికి మూడింతల లోపే ఉంది. నీరు గడ్డకట్టాలంటే వ్యాకోచించాలి, గోడల మధ్య ఆ చోటు లేదు. మామూలు ద్రవాలు గట్టిపడేటప్పుడు సంకోచిస్తాయి కనుక ఇరుకు వాటిని ఘనం వైపు నెడుతుంది, నీటిని మాత్రం ద్రవంగానే ఉండమంటుంది.

పరీక్షలో రాయని ఇంకో జాగ్రత్త: ద్రవంలో తేమ చొరబడితే ఊగిసలాట నీరసపడుతుంది. అభ్రకానికి నీరంటే ఇష్టం. తాకిన చోట రేకుల చుట్టూ నీటి వంతెన కట్టుకుంటుంది. అందుకే గదిలో చిన్న గిన్నెలో ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ పెట్టి ఆరబెడతారు.

కార్బన్ గొట్టాల్లో నీరు 100 డిగ్రీల పైన కూడా గడ్డకట్టి ఉందని వార్త వచ్చింది. సన్నటి రంధ్రాల్లో నీరు సున్నాకు చాలా కింద కూడా గడ్డకట్టదని మా లెక్చరర్ చెప్పారు. ఎవరి మాట నిజం?
(ఇంటర్మీడియట్ విద్యార్థి, వరంగల్)

ఇద్దరిదీ. సిలికా రంధ్రపు గోడకు నీరు అంటుకుంటుంది. గోడ పక్క పొర ఎప్పటికీ మంచు కాదు, మిగిలిన నడిమి నీటికీ మంచు కావడం కష్టమవుతుంది. వ్యాసార్ధం 2 నానోమీటర్ల సిలికా రంధ్రంలో గడ్డకట్టే స్థానం సుమారు 32 డిగ్రీలు కిందికి పడుతుంది. 2017లో ఎం.ఐ.టి.లో మైకేల్ స్ట్రానో బృందం చూసింది 1.05 నానోమీటర్ల వ్యాసం ఉన్న కార్బన్ గొట్టం. అక్కడ గోడకు నీరు అంటదు, చోటు అణువులు ఒకే తీరులో పేర్చుకునేంతే. 105 డిగ్రీల పైన కూడా మంచులాంటి అమరిక కనబడింది. గొట్టం వ్యాసం కొద్దిగా మారితే ఉష్ణోగ్రత పదుల డిగ్రీలు అటూ ఇటూ అవుతుంది. ‘ఇరుకులో నీరు’ అని ఎవరన్నా అంటే ఎంత ఇరుకు, ఏ గోడ అని అడగండి.

కెమెరా పెట్టెలో వేసే సిలికా జెల్ పొట్లాలు తిరిగి వాడొచ్చా? అవి నీటిని ఎలా పీలుస్తాయి?
(ఫొటోగ్రాఫర్, విశాఖపట్నం)

వాడొచ్చు. గింజ లోపల 2-3 నానోమీటర్ల వ్యాసం ఉన్న రంధ్రాలు కోట్లాదిగా ఉంటాయి. అంత ఇరుకులో నీటి ఉపరితలం బాగా లోపలికి వంగుతుంది. వంగిన ఉపరితలం మీద ఆవిరి పీడనం తగ్గుతుంది కనుక గాలి తడిగా లేకపోయినా అక్కడ నీరు చేరుతుంది. కెల్విన్ సూత్రం ప్రకారం 25 డిగ్రీల దగ్గర 10 నానోమీటర్ల వ్యాసార్ధపు రంధ్రం నిండాలంటే గాలిలో తేమ 90 శాతం ఉండాలి, 1 నానోమీటరైతే 35 శాతం చాలు. (1 నానోమీటరంటే నాలుగు నీటి అణువుల వెడల్పు కూడా లేదు. అక్కడ ఈ సూత్రాన్ని అంచనాగానే తీసుకోండి.)

గింజల్ని పొట్లంలోంచి తీసి స్టీలు పళ్లెంలో పల్చగా పరిచి 110-120 డిగ్రీల ఓవెన్‌లో గంట, గంటన్నర ఉంచండి. పొట్లంతో సహా పెడితే ప్లాస్టిక్ కరుగుతుంది. నారింజ రంగు గింజలు తడిసి ఆకుపచ్చైతే ఆరాక మళ్లీ నారింజ అవుతాయి. వేడి ఎక్కువైతే రంగు మందు మాడి గింజ నల్లబడుతుంది, ఇక తడి తెలియదు. నీలం నుంచి గులాబీకి మారేవాటిలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, వంటింటి ఓవెన్‌లో పెట్టకండి. చల్లారేది కూడా మూత బిగించిన సీసాలోనే. విశాఖ గాలిలో పళ్లెంలోనే చల్లారనిస్తే ఆరబెట్టిన శ్రమంతా వృథా.

మైక్రోచానల్ చిప్పు (సన్నటి కాలువలో ద్రవం పారించే బిళ్ల) మూడుసార్లు చేశాను. ఒకసారి పి.డి.ఎం.ఎస్. (సిలికోన్ రబ్బరు) గట్టిపడలేదు, ఒకసారి అతుకు ఊడింది, ఒకసారి బుడగలు. చానల్ ఎత్తు 10 మైక్రోమీటర్లు, వెడల్పు 200, పొడవు 2 సెంటీమీటర్లు. నీరు నిమిషానికి 50 మైక్రోలీటర్లు పంపాలి.
(ఎం.టెక్. విద్యార్థి, హైదరాబాద్)

చివరి వాక్యం దగ్గరే మీ అతుకు ఊడింది. పల్చటి చానల్‌లో కావలసిన పీడనం ఎత్తు ఘనానికి విలోమంగా పెరుగుతుంది. మీ అంకెలు వేస్తే సుమారు 10 బార్, అంటే గాలి పీడనానికి పదింతలు వస్తుంది. ప్లాస్మా (విద్యుత్తుతో రగిల్చిన వాయువు) తగిలించి చేసిన అతుకు సాధారణంగా 3-4 బార్ దగ్గరే విడిపోతుంది. ఎత్తు 20 మైక్రోమీటర్లు చేస్తే పీడనం ఎనిమిదో వంతు, అంటే 1.25 బార్. లేదా ప్రవాహం నిమిషానికి 5 మైక్రోలీటర్లకు తగ్గించండి, 1 బార్‌తో సరిపోతుంది. ఎత్తుకు వెడల్పు పదింతలు దాటితే చానల్ కప్పు మధ్యలో కుంగి నేలకు అంటుకునే ప్రమాదం కూడా ఉంది. మీది ఇరవై ఇంతలు. మధ్యలో చిన్న స్తంభాల వరస పెట్టి మళ్లీ గీయండి.

గట్టిపడకపోవడానికి మొదటి అనుమానం లేటెక్స్ తొడుగుల మీద. ఈ రబ్బరును గట్టిపరిచేది ప్లాటినం ఉత్ప్రేరకం. లేటెక్స్‌లోని గంధకం, కొన్ని అమీన్లు దాన్ని చంపేస్తాయి. నైట్రైల్ తొడుగులు వాడండి. సిల్గార్డ్ 184 అనే బ్రాండు రబ్బరు అయితే రెసిన్, హార్డెనర్ 10కి 1 పాళ్లలో, కొలిచి కాదు, తూచి కలపాలి. 3-5 నిమిషాలు గిన్నె అంచులూ అడుగూ గీకుతూ కలపండి. డెసికేటరులో (గాలి తీసేందుకు వీలైన మూత పాత్రలో) అరగంట గాలి తీసి, 70 డిగ్రీల దగ్గర 2 గంటలు ఉంచండి. మధ్యలో గట్టిగా ఉండి ఒక మూల జిగటగా మిగిలితే అది కలపడంలో లోపం. అచ్చుకు తాకిన ముఖమంతా జిగటగా ఉంటే లోపం అచ్చుది.

అతికించేటప్పుడు ప్లాస్మాలో 30-60 సెకన్లు చాలు. ఎక్కువసేపు పెడితే పై పొర పెళుసై అతుకు బలహీనపడుతుంది. బయటికి తీశాక నిమిషంలోపే కలిపి, 80 డిగ్రీల దగ్గర పది నిమిషాలు పెట్టండి. ప్లాస్మా వల్ల పై పొరకు నీరు అంటే గుణం గంటల్లో తగ్గిపోతుంది కనుక వెంటనే నీటితో నింపి ఉంచాలి.

బుడగల విషయం తేలిక. ముందు ఇథనాల్‌తో చానల్ తడిపి, తర్వాత గాలి తీసిన నీరు పంపండి. అయినా ఒక మూల గాలి మిగిలితే బయటికి వెళ్లే గొట్టం మూసి, లోపలికి అర బార్ పీడనం పెట్టి వదిలేయండి. ఈ రబ్బరులోంచి గాలి బయటికి పోతుంది, బుడగ తనంతట తానే తరిగిపోతుంది. అదే గుణం వల్ల రాత్రంతా వదిలేస్తే నీరూ ఆవిరైపోతుంది. టోలీన్, హెక్సేన్ మాత్రం పంపకండి, రబ్బరు ఉబ్బి చానల్ పూడుకుపోతుంది. సిరంజి పంపు వేగం మార్చాక కొలతకు తొందరపడొద్దు. రబ్బరు ఉబ్బి కుదుటపడేదాకా నిమిషాలు పడుతుంది.

ల్యాబ్ లేదు, ల్యాప్‌టాప్ ఉంది. ఇరుకున పడ్డ ద్రవాన్ని సిమ్యులేషన్‌లో చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
(ఎం.ఎస్సీ. ఫిజిక్స్, అనంతపురం)

నీటితో మొదలుపెట్టకండి. ఆర్గాన్‌తో మొదలుపెట్టండి. లాంప్స్ (LAMMPS) అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. లెనార్డ్-జోన్స్ అణువులు (దూరంగా ఉంటే లాక్కుని, మరీ దగ్గరైతే నెట్టుకునే గుండ్రటి ఉండలు) రెండు వేలు, అణువు వెడల్పు 0.34 నానోమీటరు, గోడల మధ్య దూరం అయిదు అణువుల వెడల్పు, కాలంలో ఒక్కో అడుగుకు సుమారు 10 ఫెమ్టోసెకన్లు. మొదటి రెండు లక్షల అడుగులు పారేసి, తర్వాతి పది లక్షల్లో గోడ నుంచి దూరం పెరిగేకొద్దీ సాంద్రత ఎలా మారుతుందో గీయండి. లెక్కించే ముక్కల వెడల్పు అణువులో ఇరవయ్యో వంతు ఉంటే పైన చెప్పిన గోళీల వరసలు శిఖరాలుగా కనబడతాయి. సగం అణువంత ముక్కలు తీసుకుంటే అన్నీ కలిసిపోయి, ఏమీ లేదనుకుని మూసేస్తారు.

ఎక్కువమంది బోల్తా పడేది అణువుల సంఖ్య దగ్గర. గోడల దూరం మారుస్తూ అణువుల సంఖ్య అలాగే ఉంచితే మీరు కొలిచేది ఇరుకును కాదు, కుదింపును. అసలు పరికరంలో సందు బయటి ద్రవంతో కలిసే ఉంటుంది. అణువులు వచ్చిపోయే గ్రాండ్ కెనానికల్ పద్ధతి వాడండి, లేదా పెట్టెలోనే సందు బయట ద్రవపు కొలను పెట్టండి. అప్పుడే ఊగిసలాట నిజమైనది.

గోడలు జరిపి ప్రవాహం చూడాలంటే గోడ అణువుల్ని రాయిలా బిగించి ద్రవానికి థర్మోస్టాట్ (వేడిని నిలకడగా ఉంచే లెక్క) తగిలించకండి. గోడ అణువుల్ని స్ప్రింగులతో వాటి చోట్ల కట్టి, వేడిని గోడ నుంచే తీయండి. తప్పదంటే ప్రవాహానికి అడ్డంగా ఉన్న దిశలోని వేగాలకే థర్మోస్టాట్ పెట్టండి, లేకపోతే అది ప్రవాహాన్నే వేడిగా లెక్కగట్టి అణచివేస్తుంది. గోడను సెకనుకు 50 మీటర్ల వేగంతో జరిపితే, సందు రెండు నానోమీటర్ల లోపేనని కూడా గుర్తుంచుకోండి. పొర మీద పొర అంత వేగంగా జారడం ఏ అభ్రకం పరికరంలోనూ లేదు. వచ్చిన చిక్కదనాన్ని ప్రయోగం అంకె పక్కన పెట్టే ముందు, వేగం పదో వంతుకు తగ్గించి అదే అంకె వస్తుందో లేదో చూడండి.

గట్టిగా తోడుకున్న పెరుగులో గరిటె పెట్టగానే పక్కన తేట ఊరుతుంది. ఇదీ మీరు చెప్పే మెత్తటి పదార్థమేనా?
(గృహిణి, తెనాలి)

అవునండీ, అచ్చంగా అదే. పియర్ జీల్ డి జెన్ 1991లో భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్నప్పుడు తన ప్రసంగానికి పెట్టిన పేరే ‘సాఫ్ట్ మ్యాటర్’. పాలలో కేసీన్ అనే మాంసకృత్తు 100-200 నానోమీటర్ల ఉండలుగా తేలుతుంటుంది. పులుపు పెరిగి పీహెచ్ 4.6 దగ్గరికి వచ్చేసరికి ఉండలు ఒకదాన్నొకటి నెట్టుకోవడం మాని అతుక్కుని వలలా అల్లుకుంటాయి. గిన్నెలో పదింట ఎనిమిది వంతులకు పైగా నీరే. అది ఆ వల కన్నుల్లో ఇరుక్కుని ఉంటుంది. గరిటె పెడితే వల తెగి దగ్గరికి ముడుచుకుంటుంది, నీరు బయటపడుతుంది.

తేట తగ్గాలంటే పాలు ఒక్క పొంగుతో దించేయకండి. సన్నటి సెగ మీద 85-90 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఉంచితే తేటలోని మాంసకృత్తులు కూడా కేసీన్‌కు అతుక్కుని వల చిక్కబడుతుంది. 40 డిగ్రీల దగ్గర, అంటే వేలు పెడితే వెచ్చగా ఉండి చురుక్కుమననప్పుడు, అరలీటరుకు ఒక చెంచా తోడు చాలు. 45 దాటితే త్వరగానే తోడుకుంటుంది గానీ వల ముతకగా అల్లుకుని తేట ఎక్కువ వదులుతుంది. తోడుకునేదాకా గిన్నె కదపొద్దు, తోడుకోగానే ఫ్రిజ్‌లో పెట్టేయండి. పులుపు ఇంకా పెరిగితే గరిటె తగలకుండానే తేట పైకి వస్తుంది.